కలశం ఎత్తు నలభై అడుగులు

తాండూరు,
18 జనవరి 1959

సుధాకర్ బావకు అరుణాదేవి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాయన కూడా బాగున్నాడు, అంటే అందరి మీదా అరుస్తున్నాడు. నాయనమ్మ మీకు నువ్వుల ఉండలు పంపమంది. పంపితే వికారాబాదు చేరేలోపు దారిలోనే ఎవరో తినేస్తారని అమ్మ పంపలేదు. ఉండలు మేమే తింటున్నాం.

మీరు అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టరై ఏడాది దాటింది కాబట్టి మీకొక లెక్క పంపుతున్నాను. ముందు కథ చెప్పాలి. మార్చిలో నా మెట్రిక్ పరీక్షలు. పాసైతే హైదరాబాదులో పి.యు.సి. చదువుతానన్నాను. నాయన పెళ్ళన్నాడు. నేను అన్నం మానేశాను. నాయన నా ఎదురుగా కూర్చుని మూడు పూటలా తిన్నాడు. చివరికి నాయనమ్మ మధ్యలోకి వచ్చింది.

"మీ ఇద్దరి లొల్లి నాకొద్దు. దేవుని మీద ఇడువుండ్రి. చైత్రంల తేరు మన ఇంటి ముందుకొస్తది గద. పోరి ఒక్క పండు ఇసురుతది. కలశానికి తాకితే సదువుకోనీ. తాకకుంటే వైశాఖంల లగ్గం చెయ్" అంది.

నాయన వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో మీకూ తెలుసు. ఏటా తేరు మీదికి ఊరంతా అరటిపళ్ళు, ఎండు ఖర్జూరాలు విసురుతుంది, కలశానికి తగిలితే కోరిక తీరుతుందని. మా ఇంటి ఆడవాళ్ళది ఒక్కటి తగలగా ఎవరూ చూడలేదు. కొండమ్మ మనవరాలినైన నా కోసం దేవుడు కొత్తగా నియమం మార్చడని నాయన నమ్మకం.

కిందటి సెలవుల్లో మీరు వచ్చినప్పుడు, విసిరిన బంతి ఎక్కడికి పోతుందో వర్గ సమీకరణంతో ముందే చెప్పొచ్చని మా తమ్ముడికి చెప్పారు. తమ్ముడు వినలేదు. వంటింట్లోంచి నేను విన్నాను. పండు ఒక్కటే, విసరడం ఒక్కసారే. ఎలా విసరాలో లెక్క కట్టి పంపగలరా? ఎవరికీ చెప్పవద్దు. ముఖ్యంగా మా మేనత్తకు, అంటే మీ అమ్మగారికి.

అరుణ


వికారాబాదు,
27 జనవరి 1959

చి. అరుణకు ఆశీస్సులు.

జాబు అందింది. దేవుడి వ్యవహారాల్లో నేను తలదూర్చను. బంతి వ్యవహారం వేరు, అది నా ఉద్యోగం.

బంతిని పైకి విసిరితే భూమి దాన్ని క్షణక్షణమూ వెనక్కి లాగుతుంది. మొదట వేగంగా పోతుంది, తర్వాత మందగిస్తుంది, ఒక చోట ఆగుతుంది, తర్వాత దిగుతుంది. t సెకన్లకు బంతి ఎన్ని అడుగుల ఎత్తున ఉంటుందో తెలియాలంటే, చేతిలోంచి బయలుదేరిన వేగాన్ని t తో గుణించి, అందులోంచి 16t² తీసెయ్యాలి. అంతే. భూమి వాటా ఆ 16t².

నాకు నీ నుంచి రెండు కావాలి. ఒకటి, కలశం ఎత్తు. రెండు, నీ చేతి వేగం. వేగం తెలుసుకోవడానికి బంతిని నిటారుగా, ఉన్న బలమంతా పెట్టి పైకి విసురు. తిరిగి చేతికి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడు. దాన్ని పదహారుతో గుణిస్తే వేగం వస్తుంది. మీ ఇంటి గోడగడియారంలో సెకన్ల ముల్లు లేదని గుర్తుంది. గట్టి దారానికి రాయి కట్టి దూలానికి వేలాడదియ్యి. దారం పైనుంచి రాయి మధ్యకు ముప్పై తొమ్మిది అంగుళాలు ఉండాలి. రాయి అటు పోతే ఒక సెకను, ఇటు వస్తే ఇంకొకటి.

అరటిపండు వద్దు. అది గాలిలో మొగ్గలేస్తుంది, నా సమీకరణానికి మొగ్గలెయ్యడం రాదు. గుండ్రని పండేదైనా చూసుకో. తేరు నడుస్తుండగా విసరవద్దు. హారతికి మీ ఇంటి ముందు ఆగుతుంది కదా, అప్పుడు విసురు.

పెళ్ళికొడుకు ఎవరో రాయలేదు. లెక్కకు అవసరం లేదు, ఊరికే అడుగుతున్నాను.

సుధాకర్


తాండూరు,
9 ఫిబ్రవరి 1959

బావకు నమస్కారాలు.

రాయి వేలాడదీశాను. దిష్టి తీయడానికి కట్టానని నాయనమ్మ అనుకుని దానికి బొట్టు పెట్టింది. పొద్దున్నే దీపం కూడా చూపిస్తోంది. రాయి బొట్టుతో సహా ఊగుతోంది, సమయానికి ఏం తేడా రాలేదు.

పెరట్లో తమ్ముడి రబ్బరు బంతి విసిరాను. మొదటిది బర్రె వీపు మీద పడింది. రెండోది పక్కింటి శంకరమ్మ గారి పప్పు ఎండబోసిన చాప మీద పడింది. ఆమె బంతి ఇచ్చింది, కొన్ని మాటలు కూడా ఇచ్చింది. తర్వాత చెయ్యి కుదిరింది. ఎన్నిసార్లు విసిరినా రాయి మూడుసార్లు ఊగేసరికి బంతి చేతిలోకి వస్తోంది.

కలశం సంగతి బీరయ్యను అడిగాను. మన గొర్లు కాసే బీరయ్యే ఏటా తేరెక్కి కలశం కడతాడు కదా. మీదినుంచి తాడు జారవిడిచి కొలిచి వచ్చాడు. "నలభై అడుగులమ్మా. జరంత అటో ఇటో. గిదంత ఎందుకు?" అన్నాడు. సదువుకని చెప్పాను. "సదువు గంత ఎత్తుంటదా" అని పోయాడు.

పండుకు బత్తాయి అనుకున్నాను. అరటిపండే కావాలా అని నాయనమ్మను అడిగితే "దేవునికి పండు పండే" అంది. నాయన పక్కనే ఉన్నాడు కానీ అభ్యంతరం చెప్పలేదు. బత్తాయి బరువు కాబట్టి పైకి పోదని ఆయన ధైర్యం.

పెళ్ళికొడుకు ఎవరో నాకు ఇంకా ఎవరూ అధికారికంగా చెప్పలేదు.

అరుణ


వికారాబాదు,
23 ఫిబ్రవరి 1959

చి. అరుణకు,

లెక్క చెప్పేముందు ఒక విషయం చెప్పాలి. నిన్న ఆదివారం మా అమ్మ సజ్జ రొట్టెలు తీసుకుని వచ్చింది. నేను తింటుంటే, "వైశాఖంల నీ లగ్గం రా. మా అన్న బిడ్డతోని" అంది. మా అమ్మకు అన్న ఒక్కడే. ఆయనకు బిడ్డ ఒక్కతే.

అంటే నీ పండు తగలకపోతే పెళ్ళికొడుకును నేను. ఈ లెక్కలో నాకు స్వార్థం ఉందని ముందుగా చెప్పడం ధర్మం కాబట్టి చెబుతున్నాను. వేరే మాస్టరుతో చేయించుకుంటానంటే నాకు కోపం రాదు. అమ్మతో నేను ఔననలేదు, కాదనలేదు. రొట్టె తిన్నాను.

ఇక లెక్క. నీ వేగం సెకనుకు నలభై ఎనిమిది అడుగులు. కలశం ఎత్తు నలభై. కాబట్టి 48t − 16t² = 40. ఎనిమిదితో భాగించి సర్దితే 2t² − 6t + 5 = 0. దీని విచక్షణి ఆరు వర్గంలోంచి నలభై తీసేస్తే వచ్చేది, అంటే మైనస్ నాలుగు. విచక్షణి సున్నాకంటే తక్కువైతే సమీకరణానికి జవాబు ఉండదు. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఎంతసేపు చూసినా నీ బంతి ఆ ఎత్తున ఉండే క్షణం రాదు. ముప్పై ఆరు అడుగులు పోయి తిరిగి వస్తుంది.

నువ్వు అడిగావు కాబట్టి ఉన్నది రాశాను. విచారిస్తున్నాను.

సుధాకర్


తాండూరు,
2 మార్చి 1959

సుధాకర్ బావకు,

పెళ్ళికొడుకు నువ్వేనని నాకు జనవరి నుంచే తెలుసు. నాయన గొంతు నీకు తెలుసు కదా, ఆయన గుసగుస కూడా పెరట్లోకి వినిపిస్తుంది. తెలిసే నిన్ను అడిగాను. ఈ ఊళ్ళో ఇంకే మాస్టరును అడిగినా సాయంత్రానికి అంగడంతా తెలిసిపోతుంది. పైగా నువ్వు అబద్ధం రాయవని నా నమ్మకం.

ఇకనుంచి మీరు అనను. తప్పు లెక్క చేసినవాణ్ణి మీరు అనడం కష్టంగా ఉంది.

తప్పేమిటంటే, తేరు వచ్చినప్పుడు మా ఇంటి ఆడవాళ్ళను నువ్వెప్పుడైనా వీధిలో చూశావా? చిన్నప్పటినుంచీ తాడు పట్టుకుని లాగినవాడివి, నీకు తేరంటే వీధి. మేం మిద్దె మీద ఉంటాం. నీ లెక్కలో నేను వీధిలో, అదీ నేలమీద పడుకుని విసురుతున్నాను. మిద్దె ఎత్తు పదకొండు అడుగులు. నిలబడి విసిరితే చెయ్యి ఇంకో అయిదు పైన. నలభైలో పదహారు పోతే మిగిలింది ఇరవై నాలుగు. ఇది కనిపెట్టడానికి మెట్రిక్ కూడా అక్కర్లేదు.

ఈ తప్పు నీకు లాభం చేసేదే అయినందుకు మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. పొరపాటున చేశావా, కావాలని చేశావా? ఒక్క మాట రాయి. ఏది రాసినా నమ్ముతాను.

అరుణ


వికారాబాదు,
9 మార్చి 1959

అరుణకు,

పొరపాటే. కావాలని చెయ్యలేదు.

కానీ మైనస్ నాలుగు వచ్చినప్పుడు సంతోషించాను. పిల్లల లెక్కలు రెండేసిసార్లు చూస్తాను. ఇది ఒక్కసారే చూశాను. రెండోసారి చూడటానికి మనసొప్పలేదు. నువ్వు ఈ ఇంట్లో ఉంటే బాగుంటుందని ఆ ఆదివారం నుంచీ అనుకుంటున్నాను. అంతకుముందు అనుకోలేదా అంటే, అనుకున్నాను గానీ ఇంత గట్టిగా కాదు. ఇది లెక్కకు సంబంధించింది కాదు. నువ్వు అడిగిన ఒక్క మాట కంటే ఎక్కువైంది, క్షమించు.

లెక్క మళ్ళీ చేశాను. ఈసారి మూడుసార్లు చూశాను. మీ మిద్దె అంచు నుంచి తేరు ఆగే చోటికి ఇరవై అడుగులు. ఉన్న బలమంతా వాడకు. పైకి నలభై వేగం చాలు. 40t − 16t² = 24. సర్దితే 2t² − 5t + 3 = 0. విచక్షణి ఒకటి. సున్నాకంటే ఎక్కువ. జవాబులు రెండు: ఒక సెకను, ఒకటిన్నర సెకను.

రెండూ నిజమే. పండు ఆ ఎత్తును పోయేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి దాటుతుంది. నువ్వు రెండోది పట్టుకో. పైకి పోతూ తాకితే పక్కకు చెదిరి ఎటో పోతుంది, ఎవరూ నమ్మరు. దిగుతూ తాకితే నిలకడగా తాకుతుంది. అందుకు చెయ్యి మూడు పాళ్ళు పైకి, ఒక పాలు ముందుకు పోవాలి. పండు కలశం కంటే అడుగు పైకి పోయి వంగుతుంది. చూసేవాళ్ళకు తప్పిందనే అనిపిస్తుంది. నువ్వు మాత్రం కంగారు పడవద్దు.

పరీక్షలు బాగా రాయి. జామెట్రీలో పటం గీయకుండా మొదలుపెట్టకు.

సుధాకర్


తాండూరు,
5 ఏప్రిల్ 1959

బావా,

పరీక్షలు అయిపోయాయి. జామెట్రీలో పటం గీశాను.

వీధికి అవతల పొడుగాటి వెదురుకు చెంబు బోర్లించి కట్టించాను, కలశం ఎత్తున. అమ్మ అడిగితే కాకుల కోసమన్నాను. మధ్యాహ్నాలు నాయన పొలానికి పోయాక మిద్దెక్కి విసురుతున్నాను. మూడు పాళ్ళు పైకి, ఒక పాలు ముందుకు అని నోట్లో అనుకుంటూ విసురుతాను. నాయనమ్మ అది మంత్రమనుకుని తనూ నేర్చుకుంది. నాలుగు విసిరితే ఒకటి తగులుతోంది. దేవుడేమో ఒక్కసారే అన్నాడు.

నువ్వు రాసింది చదివాను. మడిచి పెట్టాను. మళ్ళీ చదివాను. నీ మీద నాకు కోపం లేదు బావా. పెళ్ళికొడుకు ఇంకెవరైనా అయితే ఈపాటికి బాయిలో దూకుతానని ఇంట్లో అందరినీ హడలగొట్టేదాన్ని. చదువు కావాలి, అంతే. ఎందుకు కావాలో నాయనకు చెప్పలేకపోయాను. నీకు చెబుతాను. మైనస్ నాలుగు చూసి ఏడుస్తూనే అది తప్పని పట్టుకున్నాను కదా, ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంతవరకు దేనికీ కలగలేదు. అలాంటివి ఇంకా ఉంటాయి కదా అక్కడ.

తగలకపోతే ఏడవకుండా నీ ఇంటికి వస్తాను. ఏడవకుండా అని రాశాను గానీ అది ఖాయం కాదు.

తేరుకు తప్పకుండా రా.

అరుణ


తాండూరు,
28 ఏప్రిల్ 1959

బావా,

తేరు నాడు నువ్వు అన్నం కూడా తినకుండా సాయంత్రం బండికి పోయావు. నాయనమ్మ నీ విస్తరి ముందు కూర్చుని చాలాసేపు తిట్టింది.

నీ సమీకరణంలో ఆకాశంలో ఒక్కటే పండు ఉంది. ఇక్కడ తేరు ఆగగానే వాన కురిసినట్టు పడ్డాయి. దుమ్ము, డప్పులు, అరుపులు. ఎవరిదేదో ఎవరికీ తెలియదు. నేను బత్తాయి పట్టుకుని, నాయన నా వైపు చూసేదాకా ఆగాను. చూశాడు. విసిరాను. సరిగ్గా అప్పుడే ఎవరిదో అరటిపండు వచ్చి నాయన తలకు చుట్టుకున్న రుమాలుకు తగిలింది. ఎవడ్రా అది అని ఆయన అటు తిరిగాడు. ఇంట్లో మూడు నెలలు జరిగిన లొల్లి తేలే క్షణంలో మా నాయన అరటిపండు విసిరినవాడి కోసం వెతుకుతున్నాడు.

తర్వాత తాడు పట్టుకుని ఉన్న నిన్ను కేకేశాడు. "సుధాకర్, తాకిందారా?"

"తాకింది మామా" అన్నావు. మిద్దె దాకా వినిపించింది.

రాత్రి నాయన అమ్మతో అన్నాడట, "ఆడు లెక్కల పంతులు. ఉన్నది ఉన్నట్టు చెప్తడు. పైంగ లగ్గం ఆగితే నష్టం ఆనికే గద. ఇంక నేనేం చెప్పాలె" అని. నాతో మాట్లాడటం లేదు. కానీ నిన్న అంగడి నుంచి ఒక ట్రంకుపెట్టె తెచ్చి నా గది ముందు పెట్టి పోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. నాది తగల్లేదు బావా. కలశం మీదుగా అవతలికి పోయింది. నేను మిద్దె మీద నుంచి చూశాను. నువ్వేం చూశావు?

అరుణ


వికారాబాదు,
4 మే 1959

అరుణకు,

నేనేమీ చూడలేదు.

తాడు లాగేవాళ్ళ వీపు తేరు వైపు ఉంటుంది. నువ్వు మిద్దె మీద నుంచి చూసేదానివి కాబట్టి ఇది నీకు తెలిసే ఉండాలి. మామ కేకేసినప్పుడే వెనక్కి తిరిగాను. అప్పటికి ఏ పండు ఎక్కడ పడాలో అక్కడ పడిపోయింది. నాకు నువ్వు కనిపించావు. రెండు చేతులతో పిట్టగోడ పట్టుకుని నిలబడ్డావు. తాకిందన్నాను.

చూడని లెక్కకు మార్కులు వెయ్యడం నాకు ఇదే మొదటిసారి. తప్పు చేశానని తెలుసు. మామ మళ్ళీ అడిగినా అదే చెబుతాను. నీకు మనసొప్పకపోతే ఆయనకు నిజం చెప్పు, నేరం నా మీద పెట్టు. చెప్పకపోతే పెట్టె సర్దుకో. నాకైతే సర్దుకోవాలనే ఉంది.

నువ్వు ఈ ఇంట్లో ఉంటే బాగుంటుందని రాశాను కదా. అది ఇప్పటికీ అలాగే ఉంది. బాధగా ఉంది, దాచడం నాకు చేతకాదు. అన్నం తినకుండా వచ్చింది అందుకే, అమ్మమ్మకు ఇంకేదైనా కారణం చెప్పు.

గొడుగు తీసుకుపో.

సుధాకర్


తాండూరు,
11 మే 1959

బావా,

తగిలింది.

కలశం పైకి అడుగెత్తు పోయింది, తప్పిందనే అనుకున్నాను, తర్వాత వంగి దిగుతూ కలశం నడినెత్తిన తాకింది. నీ ఒకటిన్నర సెకను. తేరు మీద కూర్చున్న బీరయ్య కాళ్ళ దగ్గర పడింది. సాయంత్రం అతనే తెచ్చి, "అరుణమ్మ బత్తాయి, తాకి పడ్డది" అని నాయనమ్మకు ఇచ్చాడు. నాయనమ్మ ఒలిచి అందరికీ తొనలు పంచింది. నాయన కూడా తిన్నాడు, పుల్లగా ఉందన్నాడు. నువ్వు అన్నానికి ఉండి ఉంటే నీకూ తెలిసేది.

తగల్లేదని నీకు అబద్ధం రాశాను. నువ్వు కేకేసి చెప్పినప్పుడు నీ మొహం మిద్దె వైపు ఉంది గానీ కలశం వైపు లేదు. చూసి చెప్పావా, చూడకుండా చెప్పావా అని అప్పటినుంచి ఒకటే ఆలోచన. అడిగితే నిజం రాస్తావని తెలుసు. రాశావు. చదివి గదిలో కూర్చుని ఏడ్చాను. తగిలిన నాడు కూడా ఇంత ఏడవలేదు.

నిన్న నాయనతో నేనే మాట్లాడాను. పి.యు.సి. ఒక ఏడాది, డిగ్రీ మూడేళ్ళు, ఆ తర్వాత సుధాకర్ బావనే చేసుకుంటానన్నాను.

"నాల్గేండ్లు ఎవడాగుతడే నీకోసం?" అన్నాడు.

"పోయి అడుగు" అన్నాను.

వచ్చే ఆదివారం వస్తున్నాడు. లెక్క వెయ్యకు బావా. ఆగాలని లేకపోతే లేదని చెప్పు, నేను చదువుకుంటాను, నీ మీద కోపం పెట్టుకోను. ఉంటే ఉందని చెప్పు.

అరుణ


వికారాబాదు,
18 మే 1959

అరుణకు,

నిన్న మామ వచ్చాడు. అడిగాడు. ఆగుతానన్నాను. సరిగా వినపడలేదేమోనని మళ్ళీ అడిగాడు. మళ్ళీ అన్నాను. "నాల్గేండ్లు రా" అన్నాడు. తెలుసన్నాను. ఎందుకు ఆగుతావని అడిగాడు. అరుణంటే నాకు ఇష్టమని చెప్పాను. మామ తలకు రుమాలు చుట్టుకుని స్టేషనుకు పోయాడు.

ఇది కార్డు. పోస్టాఫీసులో చదువుతారు, దారిలో చదువుతారు, మీ ఇంట్లో అందరూ చదువుతారు. అందుకే కవరు కొనలేదు.

సుధాకర్